ఏమీ లేని సీసా

ఆ గదిలో ఆమె పని టోపీలు పెట్టడం. వచ్చినవాళ్ళ తలకు ముప్పై రెండు గుండీలున్న గుడ్డ టోపీ తొడగాలి. ఒక్కో గుండీ చిల్లులోంచి మొద్దు సూదితో జిగురులాంటి మందు వేయాలి. గుండీకీ నెత్తి చర్మానికీ మధ్య వెంట్రుక అడ్డం రాకుండా పాయలు తీసి పక్కకు జరపాలి. దీనికే అరగంట పడుతుంది. ఆస్పత్రిలో అందరూ ఆమెను టోపీ అమ్మాయి అంటారు. చెల్లెలు ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే ఇంట్లో అన్నయ్య, వారానికి ముగ్గురు నలుగురికి టోపీ పెడుతుంది, అయినా ఇంతవరకూ ఎవరూ కేసు పెట్టలేదు అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మాట్లాడటం కంటే చూడటం ఆమెకు ఇష్టం.

ఆ సోమవారం వచ్చినావిడకు యాభై ఎనిమిదేళ్ళు. పాల కేంద్రంలో పని. లారీల మీద వచ్చే పాల క్యాన్ల మూతలు తీసి, ఒక్కోదాన్నీ వాసన చూసి, ఇది లోపలికి, ఇది వెనక్కి అని చెప్పే ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా అదే పని కావడంతో అక్కడివాళ్ళంతా ఆమెను ముక్కత్త అంటారట. ఈ సంగతి చెప్పింది ఆమె కాదు, వెంట వచ్చిన కోడలు.

కోడలు కుర్చీలో కూర్చోకముందే మొత్తం చెప్పేసింది. అత్తయ్య పేర్లు మరిచిపోతోంది. షిఫ్టు మేనేజరును రెండుసార్లు పాత మేనేజరు పేరుతో పిలిచింది. టిఫిన్ డబ్బా బస్సులో వదిలేసి వచ్చింది. అవన్నీ సర్దుకుపోవచ్చు. కానీ పోయిన నెల ఒక లారీలోని పదకొండు క్యాన్లనూ మందు వాసన కొడుతున్నాయని వెనక్కి పంపమంది. మీటరు పెట్టి చూస్తే పాలు బాగానే ఉన్నాయని వచ్చింది. వాటిని లోపలికి తీసుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మర్నాటి నుంచి ఆమెను మూతలు తీసే చోటి నుంచి మూతలు కడిగే చోటికి మార్చారు. మతిమరుపు జబ్బేమో చూపించుకోండి, ఆస్పత్రి నుంచి ఉత్తరం తెస్తే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు.

ముక్కత్త చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తనది కాని కథ వింటున్నట్టు విన్నది. కోడలు ఆగాక నెమ్మదిగా అంది.

"మీటరు చెప్పింది నిజమో, నేను చెప్పింది నిజమో నాకూ తెలియదమ్మా. అందుకే వచ్చాను. తప్పు నాదే అయితే ముందు నాకే తెలియాలి కదా."

టోపీ అమ్మాయి తల ఎత్తి చూసింది. ఆ గదిలోకి వచ్చేవాళ్ళు సాధారణంగా తమకేమీ కాలేదంటారు, లేదా అన్నీ అయిపోయాయంటారు. తెలుసుకోవాలని ఉందన్నవాళ్ళను ఆమె పెద్దగా చూడలేదు.

పరీక్ష ఎందుకో డాక్టరమ్మ చెప్పే పద్ధతి ఒకటుంది. ఈ అల్జీమర్స్ జబ్బు చాలామందిలో జ్ఞాపకాన్ని ముట్టుకోకముందే, కొన్నేళ్ళ ముందే, మెదడులో వాసన తెలిసే చోటును ముట్టుకుంటుంది. కానీ వాసన తెలుస్తోందా అని నోటితో అడిగితే చిక్కు. పేరు గుర్తురాక తప్పు చెప్పేవాళ్ళుంటారు, తెలియకపోయినా ఊహించి ఒప్పు చెప్పేవాళ్ళుంటారు. అందుకే నోటిని పక్కన పెట్టి నేరుగా మెదడునే అడుగుదామన్నది ఆవిడ ఆలోచన. ముక్కు దగ్గరికి వాసన చేరిన అర సెకను లోపే మెదడులో చిన్న అల లేస్తుంది. ఆ అల ఎంత ఎత్తు లేచిందో టోపీ చెబుతుంది.

బల్ల మీద నాలుగు గాజు సీసాలున్నాయి. ఒకదానిలో లవంగ నూనె, ఒకదానిలో నిమ్మతొక్క నూనె, ఒకదానిలో గులాబీ. నాలుగో దానిలో ఉత్త నీళ్ళు. ఒక్కో సీసా నుంచి ఒక్కో రబ్బరు గొట్టం బయల్దేరి ముక్కు దగ్గర కలుస్తుంది. అర నిమిషానికొకసారి ఏదో ఒక సీసా మీదుగా గాలి వస్తుంది. ఏది ఎప్పుడొస్తుందో కంప్యూటరుకే తెలుసు. ఒక్కోటీ పదిహేనుసార్లు, మొత్తం అరవై. వాసన ఉందనిపిస్తే పచ్చ మీట, లేదనిపిస్తే ఎర్ర మీట నొక్కాలి. మీటలు కాగితం కోసం. అసలు లెక్క మెదడు గీతలది. ఆ లెక్కకు నాలుగో సీసాయే కొలబద్ద. ఏమీ లేనప్పుడు గీత ఎలా ఉందో చూసి, దాన్ని మిగతా గీతల్లోంచి తీసేస్తే, మిగిలేది వాసన వల్ల లేచిన అల. అది పది దాటితే బాగున్నట్టు.

"మధ్యమధ్య ఏమీ లేని గాలి కూడా వస్తుంది పెద్దమ్మా. అప్పుడు ఎర్రది నొక్కండి," అని టోపీ అమ్మాయి అందరికీ చెప్పినట్టే చెప్పింది.

జుట్టు పాయలు తీస్తుంటే ముక్కత్త కళ్ళు మూసుకుంది. తన తల ఎవరైనా ఇంత ఓపిగ్గా చూసి ఎన్నేళ్ళయిందో అంది. వెనక నుంచి కోడలు, ఆదివారం నూనె రాసింది నేనేగా, అది లెక్కలోకి రాదేం అంది. అది రుద్దడం, ఇది చూడటం అంది ముక్కత్త.

చెవులకు వాన చప్పుడు వినిపించే గొట్టాలు తగిలించి, టోపీ అమ్మాయి అద్దం వెనక్కి వెళ్ళి కూర్చుంది. గాలి మారినప్పుడు యంత్రం టక్కుమన్నా లోపలివాళ్ళకు వినిపించకుండా ఆ వాన. అరవైలో ఐదు గడిచాక తెర మీద గీతలన్నీ ఒక్కసారి చిందరవందరయ్యాయి. చూస్తే ముక్కత్త కుడిచేయి ఎత్తి, మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని ఉంది. కదలకండి పెద్దమ్మా అని మైకులో చెబితే, అలవాటమ్మా అని చేయి దించేసింది. మరో నాలుగు గాలులకు మళ్ళీ ఎత్తింది. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, తప్పు చేసిన పిల్లను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

లవంగానికి పచ్చ, నిమ్మకు పచ్చ, గులాబీకి పచ్చ. ఒక్కటీ తప్పలేదు. ఏమీ లేని సీసాకు కూడా పదిహేనింటిలో పదకొండుసార్లు పచ్చే.

టోపీ తీసి, వేడినీళ్ళతో తల కడుగుతుంటే ముక్కత్తే మొదలుపెట్టింది. లవంగం, నిమ్మ, గులాబీ తెలిసిపోయాయట. నాలుగోదే కొంచెం ఆలోచించాల్సి వచ్చిందట.

"నాలుగోది ఏదీ కాదు పెద్దమ్మా. అది ఉత్త గాలి."

"ఉత్త గాలి కాదు తల్లీ," అంది ముక్కత్త, తొట్టిలోకి వంగి ఉండగానే. "లవంగం పోసి, తీసేసి, కడిగి పెట్టుకున్న డబ్బా."

కోడలు టోపీ అమ్మాయి వైపు చూసింది. చూశారుగా, ఇదీ వరస, అన్నట్టుంది ఆ చూపు. టోపీ అమ్మాయి పెద్దవాళ్ళకోసం దాచుకున్న మెత్తని నవ్వొకటి నవ్వి, తువ్వాలు అందించింది. ఆ తర్వాత కాగితంలో, లేనిచోట ఉందన్నది అనే గడిలో, పదకొండు అని రాసింది.

*

మంగళవారం మధ్యాహ్నానికి లెక్క వచ్చింది. నాలుగు. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ అంకె వైపు కాసేపు చూసింది. ముప్పై ఏళ్ళు ముక్కుతో బతికిన మనిషికి నాలుగేమిటి పాపం అంది. తర్వాత ఉత్తరం చెప్పింది, టోపీ అమ్మాయి టైపు చేసింది. ఇది జబ్బు ఉందన్న నిర్ధారణ కాదు. వాసన గుర్తించే శక్తి బలహీనంగా కనిపిస్తోంది. లేని వాసన ఉన్నట్టు కూడా తోస్తోంది. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్షించేదాకా ముక్కు మీద ఆధారపడే పనిలో ఆమెను ఉంచకపోవడం మంచిది.

సంతకమయ్యాక టోపీ అమ్మాయి కవరు అంటించకుండా ఉండిపోయింది. అంకె కంటే ముందు గీతలు చూడటం ఆమె అలవాటు. కంప్యూటరు కూడికలూ తీసివేతలూ చేసి అంకె ఇస్తుంది, గీతల్ని ఎవరూ అడగరు. ముక్కత్త గీతల్లో లవంగానికి లేచిన అల నిటారుగా, అందంగా ఉంది. ఏమీ లేని గీతలో కూడా సరిగ్గా అదే చోట, ఆబోతు మూపురంలాంటి ఎత్తు ఒకటి ఉంది. అది ఉండకూడదు.

డాక్టరమ్మను అడిగింది. ఆవిడ వంగి చూసి, చేతులు కదిపిందన్నావు కదా, దానివల్ల కావచ్చు అంది. ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నా కొందరికి అలా లేస్తుందట. మాటలో తప్పేమీ లేదు. టోపీ అమ్మాయి తలూపింది. పాల కేంద్రం నీ బస్సు దారిలోనేగా, రేపు పొద్దున ఇచ్చేసి రా అని డాక్టరమ్మ కవరు చేతికిచ్చింది.

*

ఏడింటికి పాల కేంద్రం దగ్గర దిగింది. లారీ ఒకటి వెనక్కి వచ్చి అరుగుకు ఆనుకుని ఉంది. క్యాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇనుప దొర్లుగొట్టాల మీద వస్తున్నాయి. కొత్తగా వేసిన పరీక్షకుడు కలంలాంటి మీటరు ఒక్కో దానిలో ముంచి, అంకె చూసి, మూత పెట్టమంటున్నాడు. పని చకచకా సాగుతోంది. అరుగు చివర, తొట్టి దగ్గర, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని ముక్కత్త మూతలు కడుగుతోంది.

షిఫ్టు మేనేజరు మర్యాదస్తుడు. ఉత్తరం తెచ్చారా అని అడిగి, అడిగినందుకు తనే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. ఆవిడంటే తమకూ గౌరవమేనన్నాడు. తాను చేరిన కొత్తలో ఏది పులిసిన పాలో ఏది కాదో నేర్పింది ఆవిడేనట. కానీ ఎదురుగా నిలబడ్డ తనను ఎప్పుడో పోయిన మేనేజరు పేరుతో పిలుస్తుంటే పాలనెలా అప్పగించాలి అన్నాడు. టోపీ అమ్మాయి చేయి సంచిలోకి వెళ్ళింది. వేళ్ళకు కవరు అంచు తగిలింది. బయటికి తీయకుండానే, ముందు ఆవిడతో ఒక్కమాట మాట్లాడవచ్చా అని అడిగింది. తప్పకుండా అన్నాడు.

ముక్కత్త ఆమెను చూసి చేతులు తుడుచుకుంది. ఉత్తరం సంగతి అడగలేదు. చలిలో వచ్చావేం, టీ తాగుతావా అంది. టోపీ అమ్మాయి టీ వద్దని, మీరు ఎలా వాసన చూస్తారో నాకొకసారి చూపిస్తారా అని అడిగింది. ఆ మాట ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. కవరు ఇవ్వడం కాసేపు వాయిదా పడుతుందని కావచ్చు. గీతలో ఆ మూపురం నిన్నటి నుంచీ కళ్ళముందు నిలబడి ఉండటం వల్ల కూడా కావచ్చు.

ముక్కత్త అరుగు వైపు చూసింది. పరీక్షకుడు కొంచెం జరిగి చోటిచ్చాడు. ఆమె మొదటి క్యాను మూతను అరచేతి మొదలుతో ఒక పక్క కొట్టి వదులు చేసింది. మూత ఎత్తి, క్యానులోకి కాకుండా మూత అడుగుకే ముక్కు ఆనించింది. ఎక్కిళ్ళలాగా ఒక్క చిన్న పీల్పు. అంతే. బాగుంది అంది. రెండో దాంట్లో రాత్రి పాలు కొన్ని కలిశాయి, అయినా ఫరవాలేదు అంది. మూడోది చూసి ఏమీ అనకుండా, కుడి మోచేతి మడత ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అలా రెండు ఊపిర్లు తీసి, మళ్ళీ మూడో మూత ఎత్తి, ఇదీ బాగుంది అంది.

"అలా చేతిని ఎందుకు చూసుకుంటారు పెద్దమ్మా?"

"రెండు మూడు క్యాన్లు చూసేసరికి ముక్కు నిండా పాలే అయిపోతాయి. అప్పుడు ఏది ఎక్కువో ఏది తక్కువో ఎలా తెలుస్తుంది? నా చెయ్యి నాకు తెలిసిందే కదా. దాని దగ్గరికి పోయి మళ్ళీ మొదట్నుంచి వస్తాను."

"మరి చేతికే ఏదైనా వాసన అంటుకుంటే?"

"అంటుకోనిస్తానా?" ముక్కత్త ఆశ్చర్యపోయింది. "ఈ చేతికి సబ్బు తగిలి ముప్పై ఏళ్ళయింది. ఉత్త నీళ్ళే. ఇంట్లో ఉల్లిపాయ తరిగినా ఎడం చేత్తోనే తరుగుతాను, మా కోడలు ఎంత నవ్వినా సరే. మిగతా ఒళ్ళు ఎలా ఉన్నా ఫరవాలేదు తల్లీ. ఈ చెయ్యి చెడిందంటే లోకంలో పాలన్నీ చెడినట్టే."

టోపీ అమ్మాయి ఆ మోచేతి మడత వైపు చూస్తూ నిలబడిపోయింది. చుట్టూ క్యాన్లు ఢీకొంటున్న చప్పుడు దూరమైపోయింది. ఆమెకు నాలుగో గొట్టం గుర్తొచ్చింది.

ప్రతి శనివారం ఆమె పాత గొట్టాలు తీసేసి కొత్తవి వేస్తుంది. లవంగానికొకటి, నిమ్మకొకటి, గులాబీకొకటి. మూడు. నాలుగో దాన్ని మార్చదు. ఏమీ వెళ్ళని గొట్టాన్ని మార్చడమేమిటి? ఏమీ లేనిది మురికి ఎలా అవుతుంది? మొదటి నెలలో కొత్త గొట్టాలు రావడం ఆలస్యమైనప్పుడు ఈ మాటే అంటే, ఈ పిల్లకు పొదుపు తెలుసు అని డాక్టరమ్మ అందరి ముందూ మెచ్చుకుంది కూడా. పదకొండు వారాలుగా ఆ గొట్టం అదే. రోజూ సాయంత్రం నాలుగింటినీ విప్పి, పక్కపక్కనే చుట్టి, ఒకే సొరుగులో పెడుతుంది.

"అది నాదేనా?" అంది ముక్కత్త. సంచిలోంచి కవరు అంచు బయటికి కనిపిస్తోంది.

"మీదే. కానీ ఇంకా పూర్తి కాలేదు."

"మంచిదైతే ఈపాటికి ఇచ్చేసేదానివి. చెడ్డదైతే దాచకు. దాచిపెట్టిన పాలు ఇంకా పాడవుతాయి."

"మంచిదో చెడ్డదో నాకు తెలియదు పెద్దమ్మా. అది టైపు చేసేటప్పుడు నేను చూడాల్సింది చూడలేదు. శుక్రవారం ఒక్కసారి రండి."

మేనేజరుతో, ఇంకొకటి చూడాలండీ, రెండు రోజులాగండి అని మాత్రం చెప్పి ఆమె బస్సెక్కేసింది.

*

ఆస్పత్రికి వచ్చేసరికి డాక్టరమ్మ ఇంకా రాలేదు. టోపీ అమ్మాయి సొరుగు తెరిచి నాలుగో గొట్టం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. కిటికీ దగ్గరికి పోయి, ఊపిరి వదిలేసి, మళ్ళీ చూసింది. రబ్బరు. అంతకుమించి ఏమీ లేదు. గుండె కొంచెం తేలికైంది. అయినా పరీక్షల కాగితాలు కుట్టిన పుస్తకం తీసింది.

లేనిచోట ఉందన్నది అనే గడి ఒక్కటే చూసుకుంటూ మొదటి వారం నుంచి వచ్చింది. మొదటి మూడు వారాలూ సున్నాలు. నాలుగో వారంలో ఒకాయన రెండుసార్లు. ఆరో వారంలో ఒకావిడ ఐదుసార్లు. తొమ్మిదో వారంలో ముగ్గురు ఏడెనిమిదేసిసార్లు, ఇప్పుడు పదకొండు. మనుషులు వేరువేరు, అయినా అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి. జబ్బు అలా వారం వారం వరుసలో నిలబడి రాదు. వరుసలో వచ్చేది మరకే.

ఆమె కాగితం మీద గీసి చూసుకుంది. ముక్కత్తకు లవంగం అల ఇంత ఎత్తు. ఏమీ లేనిదనుకున్న దాని అల ఇంత. పైదానిలోంచి కిందిది తీసేస్తే మిగిలింది నాలుగు. ముక్కు ఎంత చురుకుదైతే గొట్టంలోని మరకను అంత బాగా పసిగడుతుంది. అంత పెద్ద మూపురం లేస్తుంది. అంత పెద్ద ముక్క తీసివేతలో పోతుంది. మరక తెలియని మొద్దు ముక్కుకు మాత్రం ఏ నష్టమూ లేదు, దాని అంకె దానికి ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎవరికి బాగా తెలిసిందో వాళ్ళకే తక్కువ వచ్చింది.

గొట్టం చేతిలోనే ఉంది. దాన్ని చెత్తబుట్టలో పారేసి కొత్తది వేయడానికి రెండు నిమిషాలు చాలు. ముక్కత్త చేతులు కదిపింది, మళ్ళీ చేద్దాం అంటే డాక్టరమ్మ సరే అంటుంది. ఎవరికీ తెలియదు. ముక్కత్త పని ముక్కత్తకు దక్కుతుంది. ఈ ఉద్యోగం తనకు మిగులుతుంది. ఈ లెక్క కూడా ఆమె నిదానంగానే వేసింది, గీతల లెక్క వేసినంత నిదానంగా. అప్పుడు పుస్తకంలో మిగతా పేర్లు కనిపించాయి.

డాక్టరమ్మ సంచి బల్ల మీద పెట్టకముందే ఆమె చెప్పేసింది. ముక్కత్త కోడలు చెప్పినట్టు, మొత్తం ఒక్కసారే.

డాక్టరమ్మ కోప్పడలేదు. అదే కష్టంగా ఉంది. పుస్తకం తిప్పింది, గీతలు తిప్పింది, గొట్టం తీసుకుని వాసన చూసింది. ఏమీ తెలియలేదని టోపీ అమ్మాయి చేతికిచ్చింది. ఆమె చూసి మళ్ళీ తిరిగిచ్చింది. తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరాడవాళ్ళు ఒక రబ్బరు గొట్టాన్ని వంతులేసుకుని వాసన చూస్తుంటే, తలుపు తీసిన నర్సు తీసినంత మెల్లగా మూసేసి వెళ్ళింది.

"ఇన్నాళ్ళూ అందరికీ పెట్టావు," అంది డాక్టరమ్మ చివరికి, కుర్చీలో కూర్చుంటూ. "నాకూ ఒక టోపీ పెట్టు."

ఆమెకు నవ్వాలో వద్దో తెలియలేదు. టోపీ తెచ్చి జుట్టు పాయలు తీసింది. పాత గొట్టం అలాగే ఉంచి అరవై గాలులూ పంపింది. డాక్టరమ్మ నాలుగో దానికి పదిహేనుసార్లూ ఎర్రదే నొక్కింది. గీత కూడా చదునుగానే వచ్చింది. లెక్క పదమూడు, నిక్షేపంగా ఉంది. డాక్టరమ్మ టోపీతోనే ఆ చదును గీతను చాలాసేపు చూసింది.

"నా ముక్కు బాగానే ఉంది. అయినా ఇది నాకు తెలియలేదు. తెలిసినావిడను పట్టుకుని లేనిది తోస్తోందని రాశాను." టోపీ విప్పుతూ, "గొట్టం మార్చక్కర్లేదని నువ్వంటే మెచ్చుకున్నది కూడా నేనే," అంది.

మిగిలిన పగలంతా ఇద్దరూ పాత గీతలు ముందేసుకుని కూర్చున్నారు. ముక్కత్త కాక, నాలుగో వారం నుంచి వచ్చినవాళ్ళు ఇరవై ఆరుమంది. వాళ్ళలో ఎనిమిదిమందికి ఏమీ లేనిచోట మూపురం ఉంది. ఎనిమిదిమందికీ బలహీనం అనే చెప్పి పంపారు. ఇంట్లోవాళ్ళు ఒక కంట కనిపెట్టి ఉండండి అని కూడా చెప్పారు. అందులో ఐదుగురు పచ్చ మీట నొక్కి ఉన్నారు. అది అర్థమైంది. మిగిలిన ముగ్గురు మాత్రం ఎర్రదే నొక్కారు. మెదడు ఉందన్నచోట చేయి లేదంది. డాక్టరమ్మ ఆ మూడు కాగితాలూ పక్కన పెట్టి, ఇదేమిటో నాకు తెలియడం లేదు అంది. తెలియదని ఆవిడ అనగా టోపీ అమ్మాయి వినడం అదే మొదటిసారి.

*

శుక్రవారం నాలుగు గొట్టాలూ కొత్తవే. నాలుగో దాన్ని మొదట వేడినీళ్ళలో కడిగి, విడిగా, కిటికీ దగ్గర ఆరబెట్టింది టోపీ అమ్మాయి. ముక్కత్తతో, చేతిని చూసుకోవాలనిపిస్తే చూసుకోండి, గాలి వచ్చి వెళ్ళాక మాత్రం ఐదు అంకెలు లెక్కపెట్టి అప్పుడు చూసుకోండి అని చెప్పింది. ముక్కత్త మొహం విప్పారింది. పరీక్ష సాగినంతసేపూ ఆమె పెదవులు ఒకటి, రెండు, మూడు అని కదులుతూనే ఉన్నాయి.

నాలుగో సీసాకు పదిహేను ఎర్రలు. గీత నేల మీద దారం పరిచినట్టుంది. లెక్క పదహారు.

డాక్టరమ్మ అత్తాకోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు తమదని, ముక్కుకు ఏ లోపమూ లేదని, అలాగే ఉత్తరం రాస్తున్నానని. పేర్లు మరిచిపోవడం సంగతి మాత్రం ఈ పరీక్ష ఒక్కటీ తేల్చలేదని, ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలని కూడా చెప్పింది. కోడలు మధ్యలో అందుకుని, పేర్లకేముందండీ, నా పెళ్ళినాడే నన్ను మా అక్క పేరుతో పిలిచారు అంది. మీ అక్క ముందు నిలబడి ఉంది, నేనేం చేసేది అంది ముక్కత్త.

లేచేముందు ముక్కత్త ఆ పాత గొట్టాన్ని చూస్తానంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎక్కిళ్ళలాంటి చిన్న పీల్పు పీల్చింది. లవంగం. అడుగున కొంచెం నిమ్మ కూడా ఉందని, మొన్న దాన్ని పట్టుకోలేకపోయానని అంది. గొట్టం తిరిగిస్తూ అడిగింది.

"మరి ఆ పదకొండు క్యాన్ల సంగతి?"

అది తాను చెప్పలేనంది డాక్టరమ్మ. ముక్కత్త తలూపింది. అదీ తెలిస్తే బాగుండేది అనుకుంటూ ఉత్తరం సంచిలో పెట్టుకుంది.

వాళ్ళు వెళ్ళాక టోపీ అమ్మాయి ఎనిమిది ఫోను నంబర్లున్న కాగితం ముందు పెట్టుకుంది. పిలవాల్సింది నువ్వే అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, అది న్యాయం కాబట్టి. మాట్లాడటం ఆమెకు మొదట్నుంచీ కష్టమే. పచ్చ నొక్కినవాళ్ళతో మొదలుపెడితే సులువని తెలిసి కూడా, ఎర్ర నొక్కిన ముగ్గురిలో ఒకాయన నంబరు కలిపింది. గడియారాలు బాగుచేసే డెబ్బై ఏళ్ళాయన. ఫోను ఆయనే ఎత్తాడు. పరీక్ష మళ్ళీ చేయాలని, పోయినసారి తమవల్ల పొరపాటు జరిగిందని, రాసి పెట్టుకున్న మాటలు చూసి చదివినట్టు చెప్పింది.

ఆయన, తన దుకాణం తాళంచెవి కొడుకులు తీసేసుకున్నారని చెప్పాడు. చిన్న మరలు ఎక్కడో పెట్టి మరిచిపోతే జనం గడియారాలు పాడవుతాయని వాళ్ళ భయమట. తప్పేం లేదులెండి అన్నాడు. అప్పుడామె కాగితం పక్కన పెట్టేసి, ఏమీ లేని గాలి వచ్చినప్పుడు మీకేమనిపించింది తాతగారూ అని అడిగింది.

"ఏదో ఉందనే అనిపించిందమ్మా. కానీ ఏమీ లేని గాలి కూడా వస్తుందని నువ్వే చెప్పావుగా. చదువుకున్నవాళ్ళు లేదన్నాక నేను ఉందనడం బాగుంటుందా? అందుకని ఎర్రదే నొక్కాను." ఆయన గొంతు తగ్గించాడు. పక్కన ఎవరో ఉన్నట్టుంది. "ఇంటికొచ్చాక అదే ఆలోచించాను. లేనిది ఉన్నట్టు తోచిందంటే పిల్లలు అంటున్నది నిజమే అనుకున్నాను. తాళంచెవి అడిగితే అందుకే మాట్లాడకుండా ఇచ్చేశాను."

టోపీ అమ్మాయి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది.

"ఉంది తాతగారూ. నిజంగానే ఉంది. నేను మార్చాల్సిన గొట్టం మార్చలేదు. మీకు తోచింది ఉన్నదే."

అటువైపు ఎక్కడో గడియారం కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"లవంగమేనా?" అన్నాడాయన.

అవును అనబోయి ఆగింది. ఇంకెవరి నోటి నుంచీ రాకముందు ఆ అవునన్న మాట ఆయన నోటి నుంచే రావాలనిపించింది.

"నేను చెప్పను తాతగారూ. ఆ పాత గొట్టం పారేయలేదు. మీరే వచ్చి చూసి చెప్పండి."

"ఎన్నింటికి తెరుస్తారు?" అన్నాడాయన.